ఆటోనగర్ మేస్త్రి మీద 32 పేజీలు: సంవత్సరీకం నాటికి జ్ఞాపకాల పుస్తకం వేసుకునే పద్ధతి

ఇంటి పెద్ద పోతే పదకొండో రోజుకి కార్డు, వీధి చివర ఫ్లెక్సీ, పేపర్లో చిన్న ప్రకటన ఎలాగో జరిగిపోతాయి. వాటిలో మాటలు ముందే తయారుగా ఉంటాయి: కష్టజీవి, మృదుభాషి, అందరికీ తలలో నాలుక. ఫొటో, పేరు మారిస్తే చాలు, విజయవాడ పటమటలో కట్టిన ఫ్లెక్సీని గుంటూరు బ్రాడీపేటలోనూ కట్టొచ్చు. నలభై ఏళ్లు లేత్ (ఇనుముని తిప్పుతూ కోసే మెషిన్) ముందు నిలబడిన మనిషి గురించి చెప్పడానికి ఆ మాటలు చాలవు. ఆయన తిప్పిన షాఫ్టులు (ఇరుసు కడ్డీలు), బుష్‌లు (వాటికి తొడిగే గొట్టాలు) ఇంకా ఏదో మిల్లులోనో, ఏదో లారీ కిందో పని చేస్తూనే ఉంటాయి. పుస్తకం వేయాలంటే వాటి దగ్గర్నుంచి మొదలెట్టాలి.

ఇక్కడ చెప్పేదంతా విజయవాడ ఆటోనగర్ (లారీల రిపేరు షెడ్లుండే పేట) లేత్ మేస్త్రిని దృష్టిలో పెట్టుకుని. తాపీమేస్త్రి, వడ్రంగి, టైలర్, మోటార్ వైండింగ్ మెకానిక్, ఎవరైనా పద్ధతి ఇదే. ప్రశ్నలు మాత్రం ఆ పనికి తగ్గట్టు మార్చుకోవాలి.

మొదటి పదకొండు రోజులు

ఈ రోజుల్లో ఏమీ రాయక్కర్లేదు. ఏదీ పోకుండా చూసుకుంటే చాలు. బట్టలు, పక్క ఎలాగూ ఇచ్చేస్తారు, అది ఆచారం. ప్రమాదమంతా టూల్ బాక్సుకే. ఇల్లు సర్దే హడావిడిలో ఎవరో ఒకరు దాన్ని పాత ఇనప సామాన్ల వాడికి కిలోల లెక్కన వేసేస్తారు. ముందు ఆ పెట్టెకి తాళం వేసి తాళంచెవి ఒక్కరి దగ్గర పెట్టండి.

షెడ్డు అద్దెదైతే ఓనరు ఖాళీ చేయించే లోపే వెళ్లి ఫొటోలు తీయాలి. తుడవడం, నూనె రాయడం, సర్దడం అన్నీ ఆ తర్వాతే. ఏది ఎక్కడ ఉందో అలాగే తీయండి: చక్ కీ (ఇనుముని పట్టే చక్‌ని బిగించే తాళం) ఎక్కడ తగిలించేవారు, వెర్నియర్ (కొలిచే పరికరం) ఏ డబ్బాలో పెట్టేవారు, నిలబడే చోట నేల ఎంత అరిగింది. లేత్ వెనక గోడ మీద సుద్దముక్కతో రాసిన కొలతలు, ఫోన్ నంబర్లు తప్పకుండా తీయాలి. కొత్తగా వచ్చినవాళ్లు సున్నం కొడితే అవి ఇక దొరకవు. ఒక్కో పనిముట్టునీ విడిగా తెల్లకాగితం మీద పెట్టి, పక్కన స్టీల్ స్కేలు ఉంచి, పైనుంచి నిటారుగా తీయండి. ఆయన స్వయంగా సాన పెట్టుకున్న టూల్ బిట్లు (లోహాన్ని కోసే ఉలి ముక్కలు) ఉంటే వాటి మొనలకు దగ్గరి ఫొటో కావాలి. ఒక్కో మేస్త్రి సాన ఒక్కో రకం, చేతిరాత లాంటిది. మెషిన్ నేమ్ ప్లేటు కూడా తీసుకోండి. మెషిన్ తయారైన ఊరు బటాలానో రాజ్‌కోటో, బెడ్ (మెషిన్ పొడవాటి అడుగుభాగం) పొడవెంతో తర్వాత కావాల్సి వస్తుంది.

కాగితాల్లో వెతకాల్సినవి: చిట్టా పుస్తకాలు, బిల్లు బుక్కుల కార్బన్ కాపీలు, ఐటీఐ సర్టిఫికెట్, పాత రేషన్ కార్డు, ఎల్ఐసీ బాండ్లు, పిల్లల ఫీజు రసీదులు. ఫీజు రసీదులు ఎందుకో తర్వాత చెబుతాం. ఆధార్, పాన్, బ్యాంకు కాగితాలను మాత్రం విడిగా కట్ట కట్టి ఇంట్లో పెట్టండి. వాటి ఫొటోలు ప్రెస్సుకి వెళ్లే ఫోల్డరులో ఉండకూడదు.

తేదీ ఖాయం చేసుకోవడం

చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. సంవత్సరీకం తిథిని బట్టి. పన్నెండు చాంద్రమాన మాసాలు కలిపితే సుమారు 354 రోజులు. కాబట్టి మామూలుగా అది చనిపోయిన తేదీకి పది, పదకొండు రోజుల ముందే వచ్చేస్తుంది. మధ్యలో అధికమాసం పడితే పద్దెనిమిది, పందొమ్మిది రోజులు ఆలస్యంగా వస్తుంది. 2026లో జ్యేష్ఠం అధికమాసం, ఆ లెక్క తగిలేవాళ్లు చూసుకోవాలి. మాసం, పక్షం, తిథి పురోహితుడితో కాగితం మీద రాయించుకుని, ఆ రోజుకి వారం ముందు పుస్తకాలు ఇంట్లో ఉండేలా లెక్క వేసుకోండి. ముస్లిం ఇళ్లలో నలభయ్యో రోజుకీ క్రైస్తవ ఇళ్లలో జ్ఞాపకార్థ కూడికకీ పంచుతుంటారు. నలభై రోజుల్లో 32 పేజీలు కావు, నాలుగు పేజీల మడత కాగితంతో సరిపెట్టుకుని పుస్తకం ఏడాదికి వేయడం మేలు.

పనికి మొత్తం నాలుగు నెలలు పెట్టుకోండి: మనుషులతో మాట్లాడ్డానికి రెండు నెలలు, రాయడానికి ఒకటి, ప్రెస్సుకి ఒకటి. ప్రెస్సు నెల పెళ్లిళ్ల సీజన్లోనో, ఎన్నికల ముందో, క్యాలెండర్లు వేసే డిసెంబరులోనో పడిందంటే ఇంకో రెండు వారాలు కలుపుకోవాల్సిందే. శుభలేఖల పని మీద ఉన్న ప్రెస్సు మీ పుస్తకాన్ని ముట్టుకోదు.

ఏళ్ల లెక్క తేల్చడం

ఎవరిని అడిగినా "అప్పుడెప్పుడో, మీరు చిన్నపిల్లలు" అంటారు. సంవత్సరం అడిగితే రాదు. ఊరంతటికీ గుర్తున్న సంగతి పట్టుకుని అడగాలి. బెజవాడ, గుంటూరు వాళ్లకి పనికొచ్చే గుర్తులు ఇవి: ప్రకాశం బ్యారేజీ మీద రాకపోకలు మొదలైంది 1957లో. జై ఆంధ్ర ఉద్యమం 1972, 73. ఎమర్జెన్సీ 1975 జూన్ నుంచి 1977 మార్చి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. రామారావు గారి ప్రభుత్వం వచ్చింది 1983 జనవరి. బెజవాడ అల్లర్లు, కర్ఫ్యూ 1988 డిసెంబరు ఆఖరు. పెద్ద తుఫాను 1990 మే. కృష్ణ వరద 2009 అక్టోబరు. బుడమేరు వాగు ఊరి మీద పడింది 2024 సెప్టెంబరు. అన్నిటికన్నా గట్టి గుర్తు కృష్ణా పుష్కరాలు: 1980, 1992, 2004, 2016. "సొంత లేత్ కొన్నది ఏ పుష్కరాలకి ముందు, అక్కయ్య పెళ్లికి ముందా వెనకా?" అని అడిగితే రెండు నిమిషాల్లో ఏడాది తేలుతుంది.

ఒక పొడవాటి కాగితం మీద నిలువుగా ఏళ్లు వేయండి. పక్కన మూడు గళ్లు: పని, ఇల్లు, ఊరు. ఆయన వయసు ప్రతి ఏడాది పక్కనా రాయండి. పెద్దాయన మొదటిసారి షెడ్డులో అడుగు పెట్టింది పన్నెండో ఏటనో పదిహేడో ఏటనో అక్కడే బయటపడుతుంది. పొసగనివి కూడా దొరుకుతాయి. స్కూల్ సర్టిఫికెట్‌లో పుట్టినరోజు జూన్ 1 అనో జూలై 1 అనో ఉంటే నమ్మకండి. బళ్లో వేసేటప్పుడు హెడ్మాస్టరు గారు తన వీలు కొద్దీ వేసిన తేదీ అయ్యుంటుంది. అసలుది తేలకపోతే సంవత్సరం ఒక్కటే వేయండి.

సొంతూరి పేరు పక్కన జిల్లా రాసేటప్పుడు ఆ నాటి జిల్లా రాయాలి. చీరాల 1970 దాకా గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల. ఆయన 1955లో అక్కడ పుట్టి ఉంటే "గుంటూరు జిల్లా చీరాల" అనే రాయాలి. బ్రాకెట్లో ఇప్పటి జిల్లా వేస్తే మనవలకి మ్యాపులో దొరుకుతుంది.

ఎవరిని అడగాలి, ఏమడగాలి

బంధువుల దగ్గరికి ఆఖర్న వెళ్లండి. ముందు పని తెలిసినవాళ్లు. కనీసం నలుగురు కావాలి: ఆయన దగ్గర పని నేర్చుకున్న ఒకరు, పక్క షెడ్డులో వెల్డింగో మిల్లింగో (తిరిగే కట్టరుతో లోహం కోయడం) చేసినవారు, ఏళ్ల తరబడి పని తెచ్చిన మిల్లు ఓనరో లారీ మెకానికో, బేరింగుల షాపులో కౌంటరు మనిషి. ఇంకొకరు టీ కొట్టాయన. ఆయనకి తెలిసినంత లోకజ్ఞానం ఇంట్లో ఎవరికీ తెలీదు.

"మా నాన్నగారు ఎలాంటివారండీ?" అని అడిగితే "దేవుడండీ" అంటారు. నిజమే అయ్యుండొచ్చు, కానీ పుస్తకంలో దానికి ఒక్క లైను. ఇలా అడగండి:

వేరే షెడ్డులో కాదన్న ఏ పని ఈయన దగ్గరికి వచ్చేది?
ఏ పని ఒప్పుకునేవారు కాదు? ఎందుకని?
కొలత దేంతో చూసేవారు? కాలిపర్‌తో చేతి స్పర్శకా, వెర్నియర్‌కా, మైక్రోమీటర్‌కా?
చెడిపోయిన జాబ్ (చేతికొచ్చిన పని) ఉందా? అప్పుడు మెటీరియల్ డబ్బులు ఎవరు పెట్టుకున్నారు?
బేరం ఎలా ఆడేవారు? అప్పు పెట్టినవాళ్లని ఎలా అడిగేవారు?
కొత్త కుర్రాడికి మొదటి ఆర్నెల్లు ఏ పని ఇచ్చేవారు?
కరెంటు పోతే ఏం చేసేవారు?

నాలుగో ప్రశ్న వదలకండి. మనిషి ఏమిటో అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలీదు.

శిష్యుడు వయసులో పెద్దవాడైతే "బాబాయ్" అనో "మేస్త్రి గారూ" అనో పిలుస్తూ అడగండి. ఆయన మీ నాన్నగారిని "గురువుగారు" అంటుంటే ఆ మాట రాతలోనూ అలాగే ఉంచండి. తిట్లు ఉంటాయి, రికార్డు ఆపకండి. అచ్చులో వేయాలా వద్దా అన్నది తర్వాత సంగతి.

ఫోనులో రికార్డు చేసేటప్పుడు ఫ్లయిట్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, మాట్లాడే మనిషికి అడుగున్నర దూరంలో ఉంచండి. తువ్వాలు లేకపోతే బల్ల అదురు మొత్తం అందులో వినిపిస్తుంది. బెజవాడ ఎండలో ఫ్యాను ఆపమనలేం, తక్కువ స్పీడులో పెడితే చాలు. గ్రైండింగ్ వినపడే చోట మాట అర్థం కాదు కాబట్టి భోజనాలకి మెషిన్లు ఆపే వేళ చూసుకుని వెళ్లండి. మొదట్లోనే తేదీ, ఆయన పేరు పైకి చెప్పించండి. నలభై నిమిషాలు దాటితే ఇద్దరూ అలసిపోతారు. ఇంటికొచ్చాక అదే రాత్రి ముఖ్యమైన మాటలు కాగితం మీదకి ఎక్కించుకోవాలి. "తర్వాత విందాం" అన్న రికార్డులు ఎవరూ వినరు.

అమ్మని మాత్రం ఎదురుగా ఫోను పెట్టి కూర్చోబెట్టకండి. రెండు మాటలకే గొంతు పూడుకుపోతుంది. ఆల్బమ్ తిప్పుతూ, బీరువా సర్దుతూ మాటల్లో పెట్టండి. చేతికి తగిలేవి అడగండి. ఆయన బట్టలు విడిగా ఉతికేవారా? ఇనప తురుము అంటుకున్న చొక్కాని మిగతావాటితో కలిపితే ఏమయ్యేది? నూనె చేతులు దేంతో కడుక్కునేవారు, రంపపు పొట్టా, సర్ఫా, కిరసనాయిలా? ఆ చేతులతో పిల్లల్ని ఎత్తుకునేవారా, కడుక్కున్నాకేనా? ఒక్క జవాబుకి ఒక పేజీ వస్తుంది. నెలనెలా మాసికానికి మేనత్తలు, బాబాయిలు ఎలాగూ వస్తారు. భోజనాలయ్యాక నడుం వాల్చే ముందు అరగంట అడగడానికి మంచి సమయం.

పని గురించి రాయడం

పుస్తకానికి గుండెకాయ ఇది, కనీసం పది పేజీలు దీనికి వదలండి. సూత్రం ఒక్కటే: ఒక జాబ్ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా రాయండి. నమూనాకి ఒకటి చూద్దాం.

సాధారణంగా రాసేది: "తన వృత్తి నైపుణ్యంతో ఎందరి మన్ననలో పొందారు." ఇది తీసేయండి. దాని చోట:

"రైసు మిల్లు షాఫ్టు మీద బేరింగు కూర్చునే చోటు అరిగిపోయి వచ్చేది. అక్కడ వెల్డింగుతో మెటల్ పెంచి, లేత్ మీద మళ్లీ సైజుకి దింపాలి. బేరింగు లోపలి బోరు (రంధ్రం) 50 మిల్లీమీటర్లయితే షాఫ్టు 50.01 దగ్గర ఆగాలి. 49.95కి దిగితే బేరింగు లోపలి రింగు షాఫ్టు మీద జారుతూ తిరిగి, ఆ చోటుని మళ్లీ తినేస్తుంది. 50.05 ఉంచి సుత్తితో కొట్టి ఎక్కిస్తే లోపల ఖాళీ పోయి బేరింగు వేడెక్కుతుంది. వెల్డింగ్ కాగానే నీళ్లు పోస్తే ఆ చోటు గట్టిపడి బిట్టు అంచు ఎగిరిపోతుంది, షాఫ్టు కూడా వంగొచ్చు. వేడి మీద కొలిచినా మోసమే. గది వేడి కన్నా నలభై డిగ్రీలు ఎక్కువున్న 50 మిల్లీమీటర్ల షాఫ్టు 0.02 మి.మీ. పైగా లావు చూపిస్తుంది. ఆ కొలతకి దింపితే చల్లారాక లూజు. అందుకే ఆఖరి కోతకి ముందు మేస్త్రి మెషిన్ ఆపి టీకి వెళ్లేవారు. మిల్లు మనిషి తొందరపెట్టినా లేచేవారు కాదు."

టీ తాగడం ఎందుకో పాఠకుడికి అర్థమైంది. ఇక "ఓపిక గల మనిషి" అని రాయక్కర్లేదు. ఒక్క మాట, ఈ పేరాని ఎత్తి మీ పుస్తకంలో పెట్టుకోవద్దు. మీ నాన్నగారు పంపు బుష్‌ల మీద దిట్ట కావచ్చు, చూడీలు (మరలు) కోయడంలో కావచ్చు. ఆయన జాబ్ ఏదో దాన్నే రాయండి.

కొలతలు ఇంట్లోవాళ్లకి తట్టేలా చెప్పాలి. మైక్రోమీటరులో ఒక గీత 0.01 మి.మీ., తలవెంట్రుక మందంలో ఏడో వంతు అనుకోవచ్చు. పాతకాలం మేస్త్రిలు "థౌ" అంటారు. అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.025 మి.మీ. శిష్యుడు "రెండు థౌలు ఉంచమనేవారు" అంటే మీరు దాన్ని మిల్లీమీటర్లలోకి మార్చి రాయకండి. ఆయన మాట అలాగే ఉంచి, కింద చిన్న అక్షరాలతో లెక్క వేయండి.

రాశాక ఆ పది పేజీలూ శిష్యుడికి పైకి చదివి వినిపించాలి. చేతికిస్తే మొహమాటానికి "బాగుందండీ" అని తిరిగి ఇచ్చేస్తారు. వింటే మాత్రం తప్పు దగ్గర ఆగమంటారు. ఇంట్లోవాళ్లు రాసినవాటిలో మామూలుగా దొరికే తప్పులు: లేత్‌కీ మిల్లింగ్‌కీ తేడా తెలియకపోవడం, ఆయన ఎప్పుడూ చేయని వెల్డింగ్‌ని ఆయనకి అంటగట్టడం, 0.05 మి.మీ.కీ 0.5 మి.మీ.కీ మధ్య సున్నా ఎగిరిపోవడం. పుస్తకం ఆటోనగర్‌లో పంచినప్పుడు మొదట పట్టుబడేది ఆ సున్నానే.

ఇంటి సంగతులు

ఇక్కడ తక్కువ రాస్తేనే ఎక్కువ నిలుస్తుంది. ఆరేడు పేజీలు చాలు. "ఆదర్శ తండ్రి" అనే బదులు చిట్టా పుస్తకం తెరవండి. ఫీజు రసీదు తేదీని, అదే వారం చిట్టాలో రాసుకున్న కూలీ లెక్కనీ పక్కపక్కన పెట్టండి. ఆ ఫీజు ఎన్ని షాఫ్టులకి సమానమో తేలుతుంది. ఆ రెండు కాగితాలనూ స్కాన్ చేసి ఎదురెదురు పేజీల్లో వేసి, మాట లేకుండా వదిలేయొచ్చు.

మందు, అప్పులు, అన్నదమ్ముల గొడవలు ఉంటాయి. అన్నీ దాచేస్తే దగ్గరివాళ్లకి పుస్తకం అబద్ధంలా కనిపిస్తుంది. అన్నీ రాస్తే అమ్మ దాన్ని బీరువా అడుగున పెట్టేస్తుంది. బతికున్న మనిషిని తలదించుకునేలా చేసేది వదిలేయండి, ఆయన మీద ఆయనే నవ్వుకునేది ఉంచండి. కోపిష్టి అయితే కోపిష్టి అనే రాయండి.

వంశవృక్షం పేజీకి వేరే జాగ్రత్త కావాలి. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. పిల్లలు ఆడామగా తేడా లేకుండా పుట్టిన వరసలో. కోడళ్లు, అల్లుళ్లు అందరికీ ఇంటిపేర్లు వేస్తారా, ఎవరికీ వేయరా, ముందే తేల్చుకోండి. కీ.శే. ఎవరికి పెట్టాలో జాబితా రాసి రెండుసార్లు చూడండి. డీటీపీ వాళ్లు పాత ఫైలు మీదే కొత్తది చేస్తారు కాబట్టి బతికున్న మేనమామకి కీ.శే. పడిపోవడం, ఇంకెవరి ఇంటిపేరో ఒక మూల మిగిలిపోవడం వింతేమీ కాదు. ఆ పేజీని కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టి "పేర్లు, స్పెల్లింగులు మాత్రమే చెప్పండి, గడువు ఆదివారం" అని రాయండి. మిగతా పేజీలు గ్రూపులో పెట్టారంటే పుస్తకం వచ్చే పుష్కరాలకి కూడా రాదు.

ఫొటోలు

పాస్‌పోర్టు, పోస్టుకార్డు సైజు ఫొటోలు 600 డీపీఐలో, అంతకన్నా పెద్దవి 300లో స్కాన్ చేయించండి. అచ్చుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే 600లో స్కాన్ చేసిన అంగుళంన్నర వెడల్పు ఫొటోని మూడంగుళాల దాకా పెంచొచ్చు, పూర్తి పేజీకి లాగితే మసకబారుతుంది. బంధువులని ఫొటోలు పంపమన్నప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమనండి, ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది.

గోడకున్న పటం ఫ్రేము విప్పేటప్పుడు, వానాకాలం చెమ్మకి ఫొటో అద్దానికి అతుక్కుని ఉంటే లాగొద్దు. పై పొర అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయించండి. కుంకుమబొట్టు పెట్టి ఉంటే పొడిబట్టతో అద్దం మీదే తుడవండి.

2024 సెప్టెంబరులో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లలో నీళ్లు నిలిచినప్పుడు తడిసిన ఆల్బమ్‌లు అట్టలా అతుక్కుని ఇప్పటికీ అటకల మీద ఉన్నాయి. వాటిని ఊడదీసే ముందు కనిపిస్తున్నంత మేరకు ఫొటో తీసుకోండి. స్టూడియోలో కడిగిన పాత కలర్, బ్లాక్ అండ్ వైట్ ఫొటోలైతే శుభ్రమైన చల్లటి నీళ్ల పళ్లెంలో పెట్టి, అరగంటయ్యాక ఒక మూల కదులుతుందేమో చూడండి. కదలకపోతే ఇంకాసేపు. గోరు, చాకు వద్దు. విడిపోయినవాటిని బొమ్మ పైకి ఉండేలా నూలుబట్ట మీద నీడలో ఆరబెట్టాలి. కంప్యూటర్ ప్రింటరులో తీసిన ఫొటో అయితే నీళ్లలో వేయకండి, రంగు కరిగిపోతుంది. బొమ్మ లేచిపోతున్నట్టు కనిపిస్తే అక్కడితో ఆపేయండి. కొన్ని ఫొటోలు పోయినవే, ఒప్పుకోవాలి.

స్టూడియోలో నీలం కర్టెన్, కోటు, టై తగిలిస్తామంటారు. వద్దనండి. జీవితంలో కోటు వేసుకోని మనిషికి పోయాక కోటు తొడగడం అంత బాగోదు. అట్ట మీదకి ఖాకీ చొక్కాలో మెషిన్ పక్కన నిలబడ్డ ఫొటో దొరికితే అంతకన్నా కావాల్సింది లేదు. అదీ దొరక్కపోతే టూల్ బాక్సు ఫొటో వేయండి.

ప్రెస్సు

గవర్నర్‌పేట, సూర్యారావుపేట వైపూ, గుంటూరులో అరండల్‌పేట వైపూ ప్రెస్సుకి వెళ్లే ముందు ఈ లెక్క చేతిలో ఉండాలి. డెమ్మీ 1/8 సైజు, సుమారు అయిదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాలు. 32 పేజీలు, మధ్యలో పిన్నులు. పిన్నుల పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించబడాలి, 16 గుణిజాలైతే కాగితం వృథా పోదు. లోపల 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాప్‌లితో కాగితం, అట్టకి 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్. చదివేది ఎక్కువగా పెద్దవాళ్లు కాబట్టి అక్షరం 14 పాయింట్లు. ఆ సైజులో పేజీకి 180 నుంచి 200 మాటలు పడతాయి. ఆ లెక్కన పద్దెనిమిది పేజీల రాత అంటే మూడున్నర వేల మాటలు, అంతే. ఎక్కువ రాసుకొచ్చి అక్షరం తగ్గించమనకండి.

కలర్ ఫొటోలన్నీ 15, 16, 17, 18 పేజీల్లో పెట్టండి. పిన్నుల పుస్తకంలో నట్టనడి కాగితం ఈ నాలుగు పేజీలదే. ఆ ఒక్క కాగితాన్ని 130 జీఎస్ఎం ఆర్ట్ పేపరు మీద కలర్లో వేసి మిగతాది నలుపులో వేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. 5వ పేజీలో ఒకటి, 22వ పేజీలో ఒకటి కలర్ అడిగితే ఆ కాగితాలన్నీ కలర్ మెషిన్ ఎక్కాల్సి వస్తుంది. వంద, నూట యాభై కాపీలయితే డిజిటల్, అయిదు వందలయితే ఆఫ్‌సెట్. ఆ మధ్యలో రెండింటికీ రేటు అడగండి. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు వంద కాపీలకీ వెయ్యికీ ఒకటే. కాపీల లెక్క మనుషులని బట్టి కాకుండా ఇళ్లని బట్టి వేసుకుని, పైన అయిదో వంతు కలపండి.

ఫోనులో యూనికోడ్‌లో కొట్టిన మేటరుని ప్రెస్సులో అను ఫాంట్లలోకి (ప్రెస్సులు వాడే పాత పద్ధతి తెలుగు అక్షరాలు) మారుస్తారు. ఆ మార్పిడిలో వత్తులు జారిపోతాయి, క్ష విడిపోతుంది, ఇంగ్లీషు పేర్ల చివర పొల్లులు ఎగిరిపోతాయి, దశాంశ చుక్కలు మాయమవుతాయి. అందుకని ప్రూఫు స్క్రీన్ మీద చూడకండి. కాగితం మీద తీయించి, ఇద్దరు కూర్చుని ఒకరు మీ మూలప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి చూడాలి. అంకెలు, పేర్లు మాత్రమే చూస్తూ మరో విడత. సరి అనిపించాక ప్రతి పేజీ మీదా సంతకం పెట్టి ఇవ్వండి. బ్యాలెన్స్ కట్టేటప్పుడు పీడీఎఫ్‌తో పాటు అసలు ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో తీసుకోవాలి. ఏడాది తర్వాత అడిగితే సిస్టమ్ ఫార్మాట్ చేశామంటారు.

పంచేటప్పుడు

భోజనాల దగ్గర విస్తరి పక్కన పెట్టకండి, సాంబారు మరకతో సగం అక్కడే మిగిలిపోతాయి. చెయ్యి కడుక్కుని వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఒకరు నిలబడి ఇవ్వాలి. మర్నాడు ఇరవై కాపీలు తీసుకుని ఆటోనగర్ వెళ్లండి: మాట్లాడిన ప్రతి ఒక్కరికీ ఒకటి, టీ కొట్టుకి ఒకటి, బేరింగుల షాపు కౌంటరుకి ఒకటి. రెండు కాపీలు గ్రంథాలయాలకి ఇవ్వండి. విజయవాడలో రామమోహన గ్రంథాలయం ఉంది. వేటపాలెంలో 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనం పాత కాగితాన్ని జాగ్రత్త చేయడంలో పేరు పడింది.

ఇక టూల్ బాక్సు. పని చేసే చేతికి ఇవ్వడమా, ఇంట్లో ఉంచుకోవడమా అన్నది మీ ఇష్టం. చక్ కీలు, బిట్లు శిష్యుడికి ఇచ్చి, మైక్రోమీటర్ ఒక్కటి ఇంట్లో ఉంచుకుంటారు చాలామంది. ఉంచుకుంటే దాన్ని మెత్తటి నూలుబట్టతో తుడిచి, పల్చటి మెషిన్ నూనె ఒక చుక్క రాయండి. రెండు మొనలూ ఆనేలా బిగించి పెట్టకూడదు, ఎండకి లోహం పెరిగి మొనలు ఒత్తుకుంటాయి, చెమ్మ పట్టి తుప్పెక్కుతాయి. మధ్యలో కాగితం దూరేంత ఖాళీ వదిలి, దాని పెట్టెలోనే పెట్టి మూత వేయండి. ఏడాదికోసారి తిథి నాడు తీసి తుడిస్తే సరిపోతుంది.